వేసవిలో రెండు నెలలు వంతెనల సబ్ డివిజన్‌లో ఇంటర్న్‌షిప్: వెళ్తే ఏమి అడగాలి, ఏమి చూడాలి?

పెన్నా ఒడ్డు, నెల్లూరు · ఏప్రిల్ 9

సభ్యులందరికీ నమస్కారం. నేను సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలు అయ్యాక వేసవిలో రెండు నెలల ఇంటర్న్‌షిప్ చేసి, తరువాతి సెమిస్టరులో దాని నివేదిక చూపించి మౌఖిక పరీక్షకు హాజరు కావాలన్న నిబంధన ఇక్కడున్న చాలామందికి తెలిసే ఉంటుంది. ఇప్పుడు నాకు రెండు అవకాశాలు వచ్చాయి. ఒకటి, మా జిల్లాలోనే ప్రభుత్వ రహదారుల శాఖకు చెందిన సబ్ డివిజన్ కార్యాలయంలో వంతెనల పనులు, తనిఖీలు చూడడం. దీనికి స్టైపెండ్ లేదు, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకోవాలి. రెండోది, రుసుము కట్టించుకుని ఇంటి నుంచే వంతెన డిజైన్ సాఫ్ట్‌వేర్ నేర్పి ధ్రువపత్రం ఇస్తామంటున్న ఒక ప్రైవేటు సంస్థ. మా తరగతిలో ఎక్కువ మంది రెండో దానిలో చేరిపోతున్నారు.

నాకు మాత్రం వంతెనల మీదే మనసు ఉంది. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చినప్పుడు నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. మా ఇల్లు పొర్లుకట్టకు దగ్గర. హైవే మీద రాకపోకలు ఆగిపోయి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోతకు గురై, ఊరు రెండు వైపులా తెగిపోయినట్లయిన ఆ రోజుల తరువాత, నీళ్లు ఎక్కడ కోస్తాయో ముందే చెప్పగలిగేవాళ్లు ఎవరు, ఎలా చెబుతారు అన్న ప్రశ్న నన్ను వదలలేదు. ప్రభుత్వ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్ చేసినవారు, చేయించినవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పండి.

విశ్రాంత డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), ఒంగోలు · ఏప్రిల్ 9

బాబూ, మొదటి దానికే వెళ్లండి. సాఫ్ట్‌వేర్ ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, చివరి సంవత్సరంలో ఎలాగూ నేర్చుకుంటారు. కానీ ఒక వంతెన, ఆ వంతెన కట్టిన నాటి నుంచి నేటి దాకా దాని గురించి రాసిన కాగితాలు, ఆ రెండూ ఒకేచోట దొరికేది సబ్ డివిజన్‌లోనే. డిజైన్ ఇచ్చినవారు డ్రాయింగు అప్పగించి వెళ్లిపోతారు, కాంట్రాక్టరు చివరి బిల్లు తీసుకుని వెళ్లిపోతాడు. ఆ తరువాత యాభై అరవై ఏళ్లు దాని బాగోగులు చూడవలసింది అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు).

నేను ప్రకాశం జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేశాను. గుండ్లకమ్మ, ముసి, పాలేరు, మన్నేరు ఏవి చూసినా ఏడాదిలో చాలా నెలలు ఇసుక మీద గొర్రెలు తిరుగుతుంటాయి. అక్టోబరు, నవంబరులో తుఫాను పట్టిందంటే అదే ఏరు ఒక్క రాత్రిలో గట్టెక్కుతుంది. అందుకని మన ప్రాంతపు వంతెనకు లారీ బరువు కన్నా పునాది చుట్టూ ఇసుక కోసుకుపోవడమే పెద్ద గండం. మీరు చెప్పిన 2021 వరదల్లోనే కడప జిల్లా కమలాపురం దగ్గర పాపాఘ్ని మీది వంతెన కూలింది. 2016 ఆగస్టులో మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నది మీది పాత రాతి వంతెన రాత్రివేళ కొట్టుకుపోయి, దాని మీద వెళ్తున్న బస్సులు నదిలో పడ్డాయి. జాతీయ రహదారుల మీది ప్రతి వంతెనకూ ఒక సంఖ్య ఇచ్చి, దాని స్థితిని నమోదు చేసే వ్యవస్థను కేంద్ర రహదారుల మంత్రిత్వ శాఖ ఆ ఏడాది అక్టోబరులోనే ప్రారంభించింది. కూలిన వంతెనల గురించి అందరూ మాట్లాడతారు. కూలకుండా చూసే పని ఏడాదికి ఒకసారి కిందికి దిగి, పియర్ (వంతెనను మోసే స్తంభం) మొదట్లో నిలబడి, పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసే మనిషిది. మీరు నేర్చుకోవలసింది ఆ నాలుగు వాక్యాలు రాయడం.

ఒక సలహా. కార్యాలయానికి వెళ్లగానే పెద్ద వంతెన చూపించమని అడగకండి. రెండు, మూడు ఖానాల (స్తంభాల మధ్య ఖాళీల) చిన్న వంతెన ఒకటి పూర్తిగా మీకు అప్పగించమని అడగండి. రెండు నెలల్లో మొదటి నుంచి చివరి దాకా తెలుసుకోగలిగేది అంతే, అది తక్కువేమీ కాదు.

సైట్ ఇంజనీరు, కందుకూరు · ఏప్రిల్ 10

డీఈ గారి అనుభవం ముందు నాది చాలా చిన్నది, అయినా నేను కొంత విభేదిస్తున్నాను. నేను చదువుకునే రోజుల్లో ఒక ప్రభుత్వ కార్యాలయంలోనే ఇంటర్న్‌షిప్ చేశాను. ఆరు వారాలు పాత ఎస్టిమేట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం తప్ప వేరే పని ఇవ్వలేదు. సైటుకు తీసుకెళ్లింది రెండుసార్లు, అది కూడా జీపులో చోటు మిగిలిన రోజున. అక్కడివారు చెడ్డవారని కాదు. వాళ్లకు నన్ను ఏమి చేయాలో తెలియలేదు, ఏమి అడగాలో నాకు తెలియలేదు. ఆ తరువాత ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో రాడ్ బెండింగ్ మేస్త్రీ దగ్గర నేర్చుకున్నది ఆ ఆరు వారాల కన్నా ఎక్కువ. కాబట్టి ఈ తమ్ముడు పని జోరుగా నడుస్తున్న పెద్ద సైటుకు వెళ్లడమే మంచిదని నా అభిప్రాయం. ఎవరి అధికారిక పత్రం మీద వెళ్లినా సరే, కాంక్రీటు పడేచోట ఉండాలి.

విశ్రాంత డీఈ, ఒంగోలు · ఏప్రిల్ 10

మీరు చెప్పింది నిజమే, ఆ తప్పు మా కార్యాలయాలది. విద్యార్థి వస్తే కుర్చీ చూపించి ఊరుకున్న రోజులు నా దగ్గరా ఉన్నాయి, ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. అందుకే మొదటి రోజే ఫలానా వంతెన నాది అని కాగితం మీద రాయించుకోమంటున్నాను. పని పేరు పెట్టి అడిగిన విద్యార్థిని ఎస్టిమేట్ల ముందు కూర్చోబెట్టడం ఏ ఏఈకీ అంత సులభం కాదు.

సివిల్ అధ్యాపకురాలు, కావలి · ఏప్రిల్ 11

ఈ చర్చ చూసి సంతోషంగా ఉంది. ఇంటర్న్‌షిప్ మౌఖిక పరీక్షలు జరిపే వారిలో నేనూ ఒకరిని కాబట్టి, బల్లకు అటువైపు నుంచి చూసింది చెబుతాను.

డబ్బు కట్టి తెచ్చుకున్న ధ్రువపత్రం మాకు రెండు ప్రశ్నల్లో తెలిసిపోతుంది. నివేదిక అరవై పేజీలుంటుంది, అందమైన రంగుల బొమ్మలుంటాయి, మోడల్ ఉంటుంది. ఈ స్లాబు మీద పడిన వాన నీరు ఎటు పోతుంది అని అడిగితే సమాధానం ఉండదు. 70ఆర్ లోడింగ్ (డిజైన్‌లో వంతెన మీద ఉంచి చూసే బండి బరువు) పెట్టానంటారు. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 6 ప్రకారం అందులో చక్రాల బండి బరువు 100 టన్నులు, ట్రాకుల బండి బరువు 70 టన్నులు; ఆ బరువులు ఎంత అని అడిగితే తడబడతారు. పిల్లలను తప్పు పట్టడం లేదు. రెండు నెలల్లో నివేదిక కావాలని మేమే ఒత్తిడి పెడుతున్నాము, స్థానికంగా చోటు చూపించే బాధ్యత మాత్రం చాలా కళాశాలలు తీసుకోవడం లేదు. ప్రిన్సిపాల్ సంతకంతో ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) గారికి ఒక లేఖ, బోనఫైడ్ పత్రం, విద్యార్థి హామీపత్రం ఫిబ్రవరిలోనే పంపితే సరిపోయేదానికి ఏప్రిల్ చివర పరుగులు పెడతాము. ఈ విషయంలో మా అధ్యాపకులం మారవలసింది చాలా ఉంది.

అబ్బాయీ, నీవు వెళ్లే ముందు మూడు పుస్తకాలు తిరగెయ్యి: బరువులకు ఐఆర్‌సీ 6, పునాదులకు ఐఆర్‌సీ 78, తనిఖీకి ఐఆర్‌సీ ఎస్పీ 35. ఈ మూడోది చిన్న పుస్తకమే. వంతెనను ఎక్కడి నుంచి ఎక్కడికి చూసుకుంటూ పోవాలో అందులో ఉంటుంది.

ఒక తండ్రి, పొదిలి · ఏప్రిల్ 11

మా అమ్మాయి కూడా సివిల్ మూడో సంవత్సరమే. పెద్దలు చెప్పినది బాగుంది కానీ, మా వంటి కుటుంబాలకు రెండు నెలలు ఊరు కాని ఊరిలో ఉండి రావడమంటే గది అద్దె, భోజనం ఖర్చు ఉంటాయి. నెలకు ఐదు వేలు ఇచ్చే ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం కింద ఇటువంటి వాటికి దరఖాస్తు చేయవచ్చా? అప్రెంటిస్‌షిప్ అంటే ఇదేనా? ఆడపిల్లలను సైటుకు పంపడం క్షేమమేనా? తెలిసినవారు చెప్పగలరు.

ఏఈ, రోడ్లు, నెల్లూరు జిల్లా · ఏప్రిల్ 12

పొదిలి నుంచి రాసిన అన్న గారికి. 2024 అక్టోబరులో మొదలైనప్పుడు ఆ ప్రధానమంత్రి పథకం పెద్ద కంపెనీలలో ఏడాది పాటు చేసే శిక్షణ కోసం, 21 నుంచి 24 ఏళ్ల వయసు వారికి ఉద్దేశించినది. అప్పటి నిబంధనల ప్రకారం రెగ్యులర్‌గా కళాశాలలో చదువుతున్నవారు దానికి అర్హులు కారు. కాబట్టి మీ అమ్మాయి ప్రస్తుతానికి అందులో చేరడానికి వీలు లేదు. అప్రెంటిస్‌షిప్ కూడా వేరే. అది 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, డిగ్రీ లేదా డిప్లొమా పూర్తయినవారికి, స్టైపెండ్‌తో జరిగేది; మన దక్షిణాది రాష్ట్రాలకు దాని వ్యవహారాలు చెన్నైలోని బోర్డు చూస్తుంది. చదువు ముగిశాక దానికి తప్పకుండా ప్రయత్నించమనండి. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్నది చదువులో భాగంగా చేసే ఇంటర్న్‌షిప్. సబ్ డివిజన్ స్థాయిలో మేము డబ్బు ఇచ్చే ఏర్పాటు లేదు, అది లోటే. అందుకే మీకు దగ్గరలో ఉన్న సబ్ డివిజన్‌నే అడగండి. పొదిలి అమ్మాయి నెల్లూరు రావలసిన అవసరం లేదు, మీ పక్కన వాగులకు, వంతెనలకు కొదవ లేదు.

క్షేమం గురించి అడిగారు. నేనూ ఆడపిల్లగానే ఈ ఉద్యోగంలో చేరి ఇన్నేళ్లుగా సైట్లలో తిరుగుతున్నాను. హెల్మెట్, గట్టి బూట్లు లేకుండా ఎవరినీ కిందికి దిగనివ్వను. వర్క్ ఇన్‌స్పెక్టర్ కానీ నేను కానీ తోడు లేకుండా విద్యార్థి ఒంటరిగా వంతెన కిందికి వెళ్లకూడదు, పాములకు అక్కడి చల్లదనం ఇష్టం. ప్రవాహం ఉన్న రోజున, అది మోకాలి లోతే అయినా, కొలతలు ఉండవు. ప్రమాద బీమా కళాశాల ద్వారా తీసుకుని రావాలి. చెప్పవలసిన కష్టం ఇంకొకటి ఉంది. మారుమూల సైట్లలో మరుగుదొడ్డి ఉండదు. నేను సైటు పర్యటనను ఉదయం ఆరున్నర నుంచి పది లోపు పెట్టుకుంటాను, ఎండకూ అదే మేలు.

నిరుటి ఇంటర్న్, సింగరాయకొండ · ఏప్రిల్ 13

మేడమ్ చెప్పినది అక్షరాలా నిజం. నేను నిరుడు వేసవిలో పైల్ పునాదులతో (నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలతో) కడుతున్న ఒక వంతెన దగ్గర, శాఖ ఇంజనీర్ల కింద ఇంటర్న్‌షిప్ చేశాను. ఎండ, దుమ్ము, మధ్యాహ్నం నీడ కోసం వెతుక్కోవడం, అన్నీ ఉన్నాయి. అయినా ఒక్క రోజు గురించి చెప్పాలి.

ఆ రోజు ఒక పైల్‌కు కాంక్రీటు పోయాలి. బోరు తవ్వకం అయింది, గోడలు కూలకుండా బెంటోనైట్ మట్టి కలిపిన నీటితో నింపారు, కడ్డీల బోను దించారు, కాంక్రీటును అడుగుదాకా దించే ట్రెమీ గొట్టం బిగించారు. కాంక్రీటు లారీ దారిలో ఆలస్యమై, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక వచ్చింది. మా ఏఈ గారు నన్నే స్లంప్ (కాంక్రీటు ఎంత కుంగుతుందో) చూడమన్నారు. మూడు వందల మిల్లీమీటర్ల ఎత్తున్న ఆ ఇనుప కోన్‌ను తడి చేసి పలక మీద పెట్టి, పొరలు పొరలుగా నింపుతూ ఒక్కొక్క పొరను కడ్డీతో 25 సార్లు కుమ్మి, పైన తాపీతో చదును చేసి, రెండు చేతులతో నిటారుగా పైకి తీశాను. నీటి కింద ట్రెమీతో పోసే కాంక్రీటు దానంతట అది జారి సర్దుకోవాలి కాబట్టి 150 నుంచి 200 మిల్లీమీటర్లు కుంగాలి. అది ఎండిన ఇసుక గూడులాగా నిలబడింది. స్కేలు పెట్టి చూస్తే 70 వచ్చింది. నీళ్లు కలిపి పోసేద్దామని లారీ డ్రైవరు, కాంట్రాక్టరు మనిషి ఇద్దరూ అన్నారు. సార్ ఒప్పుకోలేదు. నీళ్లు పోస్తే జారుతుంది కానీ బలం పోతుందని, భూమిలోపల జరిగిన తప్పు ఎవరికీ కనబడదని చెప్పి, లారీని వెనక్కి పంపి, నేను కొలిచిన అంకెను రిజిస్టరులో రాసి నా చేత సంతకం చేయించారు. రెండో లారీ వచ్చేసరికి సాయంత్రం అయింది. ఆ రిజిస్టరులో నా పేరు ఉన్న ఆ వరుసను నేను ఫోటో తీసుకోలేదు, తీయకూడదన్నారు. కానీ ఆ పేజీ ఎలా ఉంటుందో ఇప్పటికీ కళ్లకు కట్టినట్లుంది.

పొదిలి బాబాయి గారూ, అమ్మాయిని పంపించండి. తోడుగా మరొక విద్యార్థిని ఉంటే ఇంకా మంచిది.

సైట్ ఇంజనీరు, కందుకూరు · ఏప్రిల్ 13

లారీ వెనక్కి పంపిన రోజున కాంట్రాక్టరు వైపు నిలబడే మనిషిని నేను. ఆ రోజు మాకు నష్టమే, కానీ అలా పంపే ఏఈ ఉన్న పనిలో రాత్రి నిద్ర పడుతుంది. నా మొదటి సలహాను కొంత సవరించుకుంటున్నాను: శాఖ తరఫున వెళ్లండి, కానీ కనీసం రెండు వారాలు కాంక్రీటు పడేచోట ఉండేలా అడగండి.

పెన్నా ఒడ్డు, నెల్లూరు · మే 24

అందరికీ కృతజ్ఞతలు. నేను సబ్ డివిజన్‌లోనే చేరాను. డీఈ గారు చెప్పినట్లే మొదటి రోజు ఒక చిన్న వంతెన కావాలని రాతపూర్వకంగా అడిగాను. మా ఏఈ గారు ఒక్క క్షణం నా ముఖం చూసి, ఆత్మకూరు వైపు వాగు మీద ఉన్న మూడు ఖానాల స్లాబు వంతెన ఫైలు తీసి ఇచ్చారు. ఒక్కొక్క ఖానా సుమారు 8 మీటర్లు. డ్రాయింగు మడతల దగ్గర చిరిగిపోయి ఉంటే, పారదర్శక టేపు తెచ్చి వెనుక నుంచి అతికించాను. అదే నా మొదటి పని.

రెండు సందేహాలు ఉన్నాయి. ఒకటి, స్లాబుకు, పియర్ టోపీకి మధ్య బేరింగు కోసం టార్చి వేసి ఎంత వెతికినా ఏమీ కనబడలేదు. పాఠ్యపుస్తకంలో రబ్బరు దిమ్మలు ఉంటాయని చదివాను. రెండు, డ్రాయింగులో గరిష్ఠ కోత మట్టం అని ఒక గీత ఉంది, ఆ అంకె ఎలా వచ్చిందో ఫైలులో లెక్క లేదు.

విశ్రాంత డీఈ, ఒంగోలు · మే 25

బేరింగు కనబడకపోవడం సహజం. 10 మీటర్ల లోపు గట్టి స్లాబులకు రబ్బరు బేరింగులు పెట్టే అవసరం లేదు, పియర్ టోపీ మీద తారు కాగితం పొర పరిచి దాని మీద స్లాబు పోసేవారు. ఎండకు స్లాబు సాగినప్పుడు, చలికి కుదించుకున్నప్పుడు ఆ పొర మీద జరుగుతుంది. మీరు చూడవలసింది, ఆ అంచున పియర్ టోపీ కాంక్రీటు పెచ్చులు ఊడిందా అన్నది. ఊడితే స్లాబు జరగలేక టోపీని లాగుతున్నదని అర్థం.

కోత లెక్క ఐఆర్‌సీ 78లో ఉంది. వరదలో ఒక మీటరు వెడల్పు గుండా సెకనుకు ఎన్ని ఘనపు మీటర్ల నీరు పోతుందో ఆ అంకెను వర్గం చేసి, ఇసుక గుణకంతో (ఇసుక రేణువుల పరిమాణాన్ని బట్టి ఉండే అంకెతో) భాగించి, ఘనమూలం తీసి 1.34తో గుణిస్తే సగటు కోత లోతు మీటర్లలో వస్తుంది. ఉదాహరణకు మీటరుకు 4 ఘనపు మీటర్లు, మధ్యరకం ఇసుకకు గుణకం 1.25 అనుకోండి. 16ను 1.25తో భాగిస్తే 12.8, దాని ఘనమూలం సుమారు 2.34, దాన్ని 1.34తో గుణిస్తే 3.1 మీటర్లు. పియర్ దగ్గర సుడి వల్ల కోత ఎక్కువ కాబట్టి దానికి రెట్టింపు, అంటే 6.3 మీటర్లు, ఒడ్డు గోడ దగ్గర 1.27 రెట్లు, అంటే 4 మీటర్లు. ఈ లోతును నేల మీద నుంచి కాకుండా గరిష్ఠ వరద మట్టం నుంచి కిందికి కొలవాలి. విద్యార్థులు ఎక్కువగా పొరపడేది ఇక్కడే. పునాది అంతకన్నా లోతుకు దిగి ఉండాలి. మీ వంతెనకు కింద రాతి అప్రాన్ (అడుగు కోసుకుపోకుండా పరిచిన రాళ్లు), దాని చివర కట్ ఆఫ్ గోడ (నేలలోకి దించిన అడ్డుగోడ) ఉంటే లెక్క మారుతుంది, అందువల్ల డ్రాయింగులో ముందు అవి చూడండి.

ఏఈ, రోడ్లు, నెల్లూరు జిల్లా · మే 25

సార్ చెప్పిన లెక్కకు ఒక మాట కలుపుతాను. ఆ సూత్రం వాగు అడుగు కట్టిన నాటి మట్టంలోనే ఉందనుకుంటుంది. ఇసుక తవ్వి తీసుకెళ్లిన చోట అడుగు మట్టమే కిందికి దిగిపోయి ఉంటుంది, అప్పుడు పునాదికి పట్టు తగ్గిపోతుంది. వంతెనలు, ఆనకట్టల వంటి కట్టడాలకు 500 మీటర్ల లోపల ఇసుక తవ్వకూడదని మన రాష్ట్ర వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) నిబంధనల్లోనే ఉంది. వంతెన తనిఖీకి వెళ్లినప్పుడు ఎగువకూ దిగువకూ అర కిలోమీటరు నడిచి చూసి రావడం నా అలవాటు. మీరూ నడవండి, ట్రాక్టరు జాడలు, గుంటలు కనిపిస్తే తేదీతో రాసుకోండి. అక్కడ ఎవరితోనూ వాదన పెట్టుకోవద్దు. రాసి మీ ఏఈకి ఇవ్వండి, తరువాత చూసుకోవలసినది శాఖ.

సివిల్ అధ్యాపకురాలు, కావలి · మే 26

అబ్బాయీ, సముద్రం వైపు వెళ్లే అవకాశం వస్తే బకింగ్‌హాం కాలువ మీది ఒక వంతెనను కూడా, ఒక్క పూట అయినా సరే, చూసిరా. ఉప్పుగాలికి కడ్డీ తుప్పు పట్టి, ఉబ్బి, పైనున్న కాంక్రీటును లోపలి నుంచి పగలగొట్టడం ఆత్మకూరు వైపు నీకు కనబడదు. ఐఆర్‌సీ 112లో కవర్ మందం (కడ్డీ మీద ఉండే కాంక్రీటు మందం) సాధారణ పరిస్థితికి 40 మిల్లీమీటర్లు, అత్యంత తీవ్రమైన దానికి 75 అని చదివినప్పుడు అది అంకెగానే ఉంటుంది. అక్కడ నిలబడి చూస్తే ఆ తేడా ఎందుకో తెలుస్తుంది.

పెన్నా ఒడ్డు, నెల్లూరు · జూన్ 29

ఇంటర్న్‌షిప్ ముగియడానికి వారం ఉంది. ఇప్పటిదాకా చేసినది ఇక్కడ పెడుతున్నాను, తప్పులుంటే దిద్దండి.

వాగు అడుగు మట్టాన్ని వంతెనకు ఎగువన, కింద, దిగువన ఐదేసి మీటర్లకు ఒకటి చొప్పున లెవెల్ యంత్రంతో తీశాము. నేను యంత్రం దగ్గర, వర్క్ ఇన్‌స్పెక్టర్ అన్న స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుని. డ్రాయింగులోని మట్టంతో పోలిస్తే రెండో పియర్ దిగువ వైపు 0.9 మీటరు లోతు ఎక్కువగా ఉంది. మొదటి పియర్ దగ్గర దాదాపు తేడా లేదు. ఎందుకని ఎగువకు నడిచి చూస్తే, వాగు ఎడమ ఒడ్డున తుమ్మచెట్లు పెరిగి మట్టి పేరుకుని, నీరంతా రెండో ఖానా వైపు మళ్లుతోంది. అప్రాన్ రాళ్లలో ఒక వరుస జరిగిపోయి దిగువన గుంటలో పడి ఉన్నాయి. ఇక్కడి ఏఈ మేడమ్ చెప్పినట్లు దిగువకు నడిస్తే సుమారు మూడు వందల మీటర్ల దూరంలో పాత తవ్వకం గుంటలు రెండు కనిపించాయి, వాటి కొలతలు రాసి ఇచ్చాను.

పైన, నీరు పోవడానికి పెట్టిన ఎనిమిది గొట్టాలలో మూడే తెరిచి ఉన్నాయి. మిగతావి మట్టి, ప్లాస్టిక్ కవర్లతో మూసుకుపోయాయి. ఎక్స్‌పాన్షన్ జాయింటులో ఒక రావి మొక్క మొలిచింది, వేరు లాగితే జానెడు వచ్చి తెగిపోయింది. పిట్టగోడ దగ్గర ఊడిన పెచ్చు వెనుక ఫినాఫ్తలీన్ (క్షారం తగిలితే గులాబీ రంగుకు మారే ద్రావణం) చల్లితే బయటి భాగం రంగు మారలేదు, లోపల గులాబీ రంగు వచ్చింది. గాలి తగిలి క్షారగుణం పోయిన మందం స్కేలుతో 18 మిల్లీమీటర్లు ఉంది. కడ్డీ ఇంకా దానికన్నా లోతున, క్షారగుణం ఉన్న కాంక్రీటులోనే ఉంది. రీబౌండ్ హామర్ (కాంక్రీటును కొట్టి గట్టిదనం చూసే పరికరం) అంకెలు ఎక్కువగా వస్తే కాంక్రీటు చాలా బలంగా ఉందని సంబరపడ్డాను. పాత కాంక్రీటు పైపొర అలా గట్టిపడి అంకెను పెంచి చూపిస్తుందని, ఆ అంకెను బలంగా రాయవద్దని మా ఏఈ గారు చెప్పారు. దాన్ని కొట్టివేసి పక్కన కారణం రాశాను.

నివేదిక ఇరవై రెండు పేజీలు వచ్చింది. ఒక ప్రతి కళాశాలకు, ఒక ప్రతి సబ్ డివిజన్ ఫైలులోకి. గొట్టాల పేజీ చూసిన మరుసటి రోజే గ్యాంగ్ మనుషులను పంపి ఐదూ తెరిపించారు. అప్రాన్ రాళ్లు మళ్లీ పేర్చడానికి, తుమ్మ కొట్టించడానికి ఎస్టిమేటు వేయమని నాకే చెప్పారు. వానలకు ముందు మంజూరు కావాలని సార్ పట్టుదలతో ఉన్నారు. చివరిగా, ఈసారి నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో తెలియడానికి రెండో పియర్ ఎగువ ముక్కు మీద రంగుతో స్కేలు గీశాను. నవంబరులో నీరు తీసిన తరువాత వచ్చి అవే బిందువుల దగ్గర మళ్లీ మట్టాలు తీసుకోవచ్చని అనుమతి కూడా ఇచ్చారు.

ఒక తండ్రి, పొదిలి · జూన్ 30

మా అమ్మాయి కూడా మే నెలాఖరులో మా దగ్గరి సబ్ డివిజన్‌లో చేరింది, స్నేహితురాలితో కలిసి వెళ్తోంది. ఈ చర్చ అంతా దానికి చదివి వినిపించాను. నిన్న ఇంటికొచ్చి, నాన్నా మన ఊరి చప్టాకు గొట్టాలన్నీ మూసుకుపోయి ఉన్నాయి చూశావా అని అడిగింది. అన్ని సంవత్సరాలు దాని మీద నుంచే నడిచాను, ఎన్నడూ చూడలేదు.

విశ్రాంత డీఈ, ఒంగోలు · జూన్ 30

పెన్నా ఒడ్డు బాబుకు. మంచి పని చేశారు. ఒక్క దిద్దుబాటు ఉంది. ఎగువ ముక్కు మీద గీసిన స్కేలు పనికిరాదు. ప్రవాహం పియర్‌ను తాకినచోట నీరు ఎగదన్ని, అసలు మట్టం కన్నా ఎత్తుగా కనిపిస్తుంది. పియర్ వెనుక చూస్తే సుడికి కుంగి తక్కువగా కనిపిస్తుంది. వంతెనకు కొంచెం ఎగువన, నీరు ప్రశాంతంగా పారేచోట ఒడ్డున రాయి పాతి దాని మీద గుర్తు పెట్టండి. ఆ రాయి పైభాగం మట్టాన్ని మీ లెవెల్ పుస్తకంలో డ్రాయింగు బెంచ్ మార్కుతో (మట్టం తెలిసిన స్థిరమైన గుర్తుతో) కలిపి రాయండి. లేకపోతే రెండేళ్ల తరువాత వచ్చినవారికి ఆ రాయి ఏ లెక్కలో ఉందో తెలియదు.

పెన్నా ఒడ్డు, నెల్లూరు · జూలై 1

చాలా మంచిదండీ. రేపు ఉదయం ఆరున్నరకు వర్క్ ఇన్‌స్పెక్టర్ అన్నతో వెళ్తున్నాను. వంతెనకు ఇరవై మీటర్ల ఎగువన కుడి ఒడ్డు గట్టిగా ఉంది, అక్కడే రాయి పాతుతాము. పియర్ మీది స్కేలును చెరిపివేస్తాను.